లాజిక్ మోడలా, లాగ్‌ఫ్రేమా, మరొకటా: విశాఖలో ఆరోగ్య కార్యక్రమానికి ప్లాన్ వేసేవాళ్ళు ఏది ఎంచుకోవాలి?

విశాఖ జాలరి పేటల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్టను మంట వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పు అంగిలికి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడి పొర తెల్లబడుతుంది, మందమవుతుంది, పుండ్లు పడతాయి, కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. ఈ అలవాటు ప్రమాదమని డాక్టర్లకి తెలిసి యాభై ఏళ్ళు దాటింది. తేలాల్సినవి వేరే రెండున్నాయి. ఫలానా పేటలో, మన చేతిలో ఉన్న డబ్బుతో, మన దగ్గరున్న మనుషులతో ఏం చేస్తే అది తగ్గుతుంది? తగ్గిందని రేపు ఎలా చెప్పగలం?

ఈ రెండు ప్రశ్నలకీ కాగితం మీద జవాబు రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఒక దాత లాజిక్ మోడల్ జతచేయమంటాడు. ఇంకో దాత లాగ్‌ఫ్రేమ్ లేకపోతే ప్రపోజల్ చదవనే చదవడు. యూనివర్సిటీలో గైడ్ ప్రిసీడ్-ప్రొసీడ్ వాడమంటారు. ఏదైనా ట్రైనింగ్‌కి వెళ్తే థియరీ ఆఫ్ చేంజ్ అంటారు. పని ఇంకా మొదలవకముందే టెన్షన్ మొదలవుతుంది. ఎన్జీవోల్లో ప్రాజెక్టులు చూసేవాళ్ళు, ఎంపీహెచ్ (ప్రజారోగ్యం), ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవ) విద్యార్థులు, కమ్యూనిటీ మెడిసిన్ పీజీలు, కంపెనీల్లో సామాజిక బాధ్యత నిధులు చూసే సీఎస్ఆర్ విభాగాల వాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. వాళ్ళ కోసమే ఈ పోలిక. ఒకచోట తప్ప మిగతా అంతటా అడ్డపొగనే ఉదాహరణగా తీసుకుంటాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పద్ధతులన్నిటిలోనూ డబ్బాలుంటాయి, వాటి మధ్య బాణాలుంటాయి. డబ్బాలు నింపడానికి ఒక మధ్యాహ్నం చాలు. పని నిలబడేదీ కూలేదీ బాణాల దగ్గర. అందుకే నేను ఏ పద్ధతినైనా బాణం మీద మనల్ని ఎంతసేపు ఆపి ఆలోచింపజేస్తుందో చూసి తూకం వేస్తాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఈ అలవాటు ఎందుకు కొనసాగుతోందో మీకు నిజంగా తెలుసా? "అవగాహన లేదు" అన్న రెండు మాటలు తప్ప మీ దగ్గర ఇంకేమీ లేకపోతే, మీకు తెలియదనే లెక్క. కారణం తెలియనప్పుడు వాడే పద్ధతి వేరు, తెలిశాక వాడేది వేరు.

రెండోది, ఈ కాగితం ఎవరి చేతికి వెళ్తుంది? ఆశా కార్యకర్త, వార్డు సచివాలయం ఏఎన్ఎం చదవాలంటే ఒక్క పేజీ దాటకూడదు. ఆడిటర్ చదవాలంటే ప్రతి అంకెకీ ఆధారం ఎక్కడుందో రాయాలి. ఒకే కాగితం ఇద్దరికీ సరిపోవడం అరుదు.

మూడోది, ఎన్ని చేతులు కలవాలి? మీ సంస్థ ఒక్కటే చేసే పనా, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), వైద్య ఆరోగ్య శాఖ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కలిస్తేనే అయ్యేదా?

నాలుగోది, చివర్లో మిమ్మల్ని అడగబోయే ప్రశ్న ఏది? "చేస్తానన్నది చేశారా" అనడం ఒకటి. "మార్పు వచ్చిందా" అనడం ఇంకొకటి. "ఇది ఇంకో పది వార్డుల్లో పనిచేస్తుందా" అనడం మూడోది. మూడింటికీ ఒకే పద్ధతి సమానంగా జవాబివ్వదు.

టైమ్, డేటా తెచ్చే మనుషులు ఎలాగూ చూసుకోవాలి. అవి ఎవరికి వారికే తెలుసు కాబట్టి ఇక్కడ సాగదీయను.

లాజిక్ మోడల్

అమెరికాలో ప్రభుత్వ కార్యక్రమాల మూల్యాంకనం మీద పనిచేసిన జోసెఫ్ వోలీ 1970ల చివర్లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. తర్వాత అక్కడి దాతృత్వ సంస్థ కెల్లాగ్ ఫౌండేషన్ గైడ్ ద్వారా ఇది స్వచ్ఛంద సంస్థల్లోకి బాగా వెళ్ళింది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1999లో ఇచ్చిన మూల్యాంకన చట్రంలో ఆరు మెట్లుంటాయి. అందులో రెండోది కార్యక్రమాన్ని వర్ణించడం, ఆ మెట్టు దగ్గర వాడే సాధనం ముఖ్యంగా ఇదే.

దీని రూపం తేలిక. ఎడమ నుంచి కుడికి వనరులు, పనులు, అవుట్‌పుట్‌లు (జరిగిన పని లెక్క), తర్వాత స్వల్పకాల, మధ్యకాల, దీర్ఘకాల ఫలితాలు. అడుగున మనం నమ్ముతున్న ఊహలు, మన చేతిలో లేని బయటి పరిస్థితులు. అడ్డపొగకి మొదటి ప్రయత్నంలో వచ్చేది ఇంచుమించు ఇలా ఉంటుంది:

| వనరులు | పనులు | అవుట్‌పుట్‌లు | స్వల్పకాల ఫలితం | మధ్యకాల ఫలితం | దీర్ఘకాల ఫలితం |
|---|---|---|---|---|---|
| ఆశాలు, ఏఎన్ఎం, ఒక డెంటల్ సర్జన్, టార్చిలైట్లు, ఫొటో కార్డులు | ఆశాలకి శిక్షణ, ఇంటింటి నోటి పరీక్ష, చుట్ట మానేందుకు మాట సాయం | పరీక్షించిన నోళ్ళు, జరిగిన సందర్శనలు | తన అంగిలి మీది మచ్చను గుర్తించడం, మానాలన్న నిర్ణయం | ఆరు నెలలు చుట్ట ముట్టకపోవడం, మచ్చలు తగ్గడం | అంగిలి క్యాన్సర్ తగ్గడం |

చూడటానికి నిండుగా ఉంది. ఇప్పుడు ఒక్క బాణం దగ్గర ఆగుదాం. "ఆశాలకి శిక్షణ ఇస్తే ఇంటింటి నోటి పరీక్ష జరుగుతుంది." జరుగుతుందా? చేపలమ్మే ఆవిడ తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళిపోతుంది. వేలంలో చేప కొని, గంప ఎత్తుకుని అమ్మకానికి తిరిగి, ఎండ బాగా ఎక్కాక ఇల్లు చేరుతుంది. ఆశా ఉదయం పదింటికి వస్తే తలుపుకి తాళం ఉంటుంది. మూడుసార్లు తాళం చూశాక రిజిస్టర్‌లో ఆ ఇంటికి ఎదురుగా "లేరు" అని పడుతుంది. అలవాటు గట్టిగా ఉన్నవాళ్ళే లెక్కలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. వేళ మార్చి సాయంత్రం వెళ్తే ఆవిడ దొరుకుతుంది. మరి ఆశాకి ఆ వేళలో ఇంట్లో వంట పని ఉంటుంది, అదనపు వేళలకి ఆమెకిచ్చేదేమిటో బడ్జెట్‌లో రాయాలి. ఒక బాణాన్ని గట్టిగా అడిగితే పని వేళా మారింది, బడ్జెట్టూ మారింది. లాజిక్ మోడల్ వల్ల అసలు లాభం ఇది.

పరీక్ష ఎలా పెట్టాలంటే, ప్రతి బాణాన్నీ "ఇది జరిగితే అది జరుగుతుంది, ఎందుకంటే..." అని నోటితో పైకి చదవండి. "ఎందుకంటే" తర్వాత నోరు ఆగిపోతే అక్కడ పని మిగిలి ఉన్నట్టు. ఈ చదవడం ఆఫీసులో మీలో మీరు చేసుకుంటే సగం ఉపయోగమే. పేటలో డ్వాక్రా సంఘం నాయకురాలిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. "ఆ టైముకి ఎవరుంటారమ్మా ఇంటికాడ?" అని ఆవిడ అడిగే ఒక్క ప్రశ్న మీ మూడు డబ్బాలను మార్చేస్తుంది.

ఇంకో మాట, రాసేటప్పుడు కుడివైపు నుంచి మొదలుపెట్టండి. ఎడమ నుంచి మొదలుపెడితే మన దగ్గర ఉన్నవాటికి సరిపోయే పనులే రాసుకుంటాం. పాంప్లెట్లు ముందే అచ్చువేయించి ఉంటే పాంప్లెట్ పంచడం కార్యక్రమం అయిపోతుంది. కుడి నుంచి వస్తే ఆ ఫలితానికి ఏం కావాలో అడుగుతాం.

మధ్యకాల ఫలితం విషయంలో ఒక మంచి నమూనా మన ప్రాంతంలోనే ఉంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళతో జరిగిన ప్రయోగాన్ని 1986లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించింది. నోటి క్యాన్సర్ తగ్గిందో లేదో చూడాలంటే దశాబ్దాలు ఆగాలి. అందుకని వాళ్ళు క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలను, అలవాటు మానినవాళ్ళను లెక్కపెట్టారు, పోల్చడానికి ఇంకో గుంపును పెట్టుకున్నారు. మీ ప్రాజెక్ట్ రెండేళ్ళదైతే "క్యాన్సర్ తగ్గుతుంది" అని మీ పేరు మీద రాయకండి. అది కుడి చివర దిక్కు చూపించడానికి ఉండనివ్వండి, మిమ్మల్ని కొలిచేది మాత్రం మధ్యకాల ఫలితంతో అని స్పష్టంగా గీత గీయండి.

లోటు ఏమిటంటే, లాజిక్ మోడల్ ఎడమ నుంచి కుడికి సాఫీగా పోతుంది, మనుషులు అలా పోరు. ఒకావిడ మూడు నెలలు మాని, ఇంట్లో కష్టం వచ్చి మళ్ళీ మొదలుపెడుతుంది. ఇంకొకావిడ చుట్ట మాని ఖైనీ నములుతుంది. మరొకావిడ మంట బయటికి పెట్టుకుని అదే చుట్ట కాలుస్తుంది. మూడో మార్పును విజయంగా రాయడానికి నేను ఒప్పుకోను. పొగాకు లోపలికి పోతూనే ఉంది కాబట్టి. కానీ దాన్ని విడిగా నమోదు చేయాలి, లేకపోతే చివర్లో "మార్చుకున్నవాళ్ళు" అన్న అంకెలో అదీ కలిసిపోతుంది. ఈ మూడు దారులనూ లాజిక్ మోడల్ మీకు చూపించదు. మీరే పట్టుబట్టి రాయాలి.

లాగ్‌ఫ్రేమ్

1969లో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారైంది. నాలుగు వరసలు, నాలుగు నిలువు గడులు. వరసల్లో పై నుంచి లక్ష్యం, ఉద్దేశం, అవుట్‌పుట్‌లు, పనులు. గడుల్లో వివరణ, సూచిక, రుజువు, ఊహలు. విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో తరచుగా అడిగేది ఇదే.

దీని బలం మూడో గడి. "చుట్ట మానినవాళ్ళు ఇంతమంది" అని సూచిక రాసి ఊరుకోలేరు, పక్కనే "ఎక్కడ చూసి చెబుతున్నారు" అన్న గడి ఖాళీగా కనిపిస్తుంది. రిజిస్టరా, సర్వేనా, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే పరికరమా? ఈ గడిని నేను ప్రతి లాజిక్ మోడల్ కింద ఒక వరసగా కలుపుకోమంటాను. లాగ్‌ఫ్రేమ్ మొత్తం వాడకపోయినా ఇది మాత్రం వదలొద్దు.

బలహీనత కూడా ఆ గట్టిదనంలోనే ఉంది. సంతకాలయ్యాక లాగ్‌ఫ్రేమ్ ఒప్పందపత్రం లాగా మారిపోతుంది. పేటకి వెళ్ళాక సాయంత్రం సందర్శనలే మేలని తేలినా, "నెలకి ఇన్ని ఉదయపు శిబిరాలు" అని రాసిన అంకె కోసం శిబిరాలు పెడుతూనే ఉంటారు. దాత అడిగితే తప్పకుండా ఇవ్వండి, కానీ లోపల పని నడపడానికి దాన్ని మాత్రమే నమ్ముకోకండి. అంకెలు మార్చుకోవడానికి ఏడాదికొకసారి సమీక్ష ఉంటుందన్న వాక్యం ఒప్పందంలోనే పెట్టించుకోండి.

థియరీ ఆఫ్ చేంజ్

ఇక్కడ అడ్డపొగను కాసేపు పక్కన పెడతాను. ఈ పద్ధతి విలువ తెలియాలంటే డెంగీ తీసుకోవాలి.

కొండవాలు కాలనీల్లో నీళ్ళు రోజంతా రావు. కాబట్టి డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటారు. డెంగీని మోసే ఏడిస్ దోమ ఆ డ్రమ్ముల గోడల మీదే, నీటి అంచున గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి డ్రమ్ము ఖాళీచేసి, గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టమంటారు. ఫ్రైడే-డ్రైడే వెనకున్న లెక్క అదే. లెక్క తప్పు కాదు. కానీ మళ్ళీ కుళాయి ఎప్పుడు వస్తుందో తెలియని ఇల్లాలు పట్టిన నీళ్ళు ఎలా పారబోస్తుంది? ఆవిడకి డెంగీ గురించి ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. కుళాయి వేళ తెలియాలి, డ్రమ్ముకి బిగుతైన మూత కావాలి. అంటే ఆరోగ్య కార్యక్రమం కాస్తా నీటి సరఫరా విభాగం గడప తొక్కాలి.

ఇలాంటిచోట ఒకే వరసలో పోయే బొమ్మ సరిపోదు. చివరి ఫలితం నుంచి వెనక్కి నడుస్తూ "దీనికి ముందు ఏది నిజం కావాలి, ఆ పని ఎవరి చేతిలో ఉంది" అని అడుగుతూ పోయే పద్ధతి కావాలి. థియరీ ఆఫ్ చేంజ్ చేసేది ఇదే. 1990ల్లో అమెరికాలోని ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ చుట్టూ జరిగిన చర్చల్లో, ముఖ్యంగా మూల్యాంకన పరిశోధకురాలు కరోల్ వైస్ 1995లో రాసిన వ్యాసంతో దీనికి పేరొచ్చింది. ప్రతి మెట్టుకీ వెనకున్న నమ్మకాన్ని బయటపెట్టమంటుంది. అలా బయటపెట్టినప్పుడు దోమల నివారణ చూసే మలేరియా విభాగం నమ్మేది ఒకటి, ఇల్లాలు నమ్మేది ఇంకొకటి అని ఒకే గదిలో తేలుతుంది.

దీనికి మూల్యం మీటింగులు. నాలుగు శాఖల వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడానికే నెలలు పట్టొచ్చు. ఇంకో ప్రమాదం, గోడంత బొమ్మ తయారవుతుంది, అందులో కొలవగలిగింది ఒక్కటీ ఉండదు. కాబట్టి థియరీ ఆఫ్ చేంజ్ వేశాక అందులో మీ సంస్థ చేసే భాగాన్ని కత్తిరించి దానికొక లాజిక్ మోడల్ రాసుకోవాలి. ఒక్క సంస్థ, ఒక్క పేట, ఒక్క ఏడాది అయితే ఇంత శ్రమ అక్కర్లేదు.

ప్రిసీడ్-ప్రొసీడ్

ఆరోగ్య విద్య పరిశోధకుడు లారెన్స్ గ్రీన్ 1974లో మొదటి సగాన్ని (ప్రిసీడ్) ఇచ్చాడు, 1991లో మార్షల్ క్రూటర్‌తో కలిసి రెండో సగాన్ని (ప్రొసీడ్) జతచేశాడు. మొదటి సగం ప్లాన్‌కి ముందు చేసే పరిశీలన, రెండోది అమలు, మూల్యాంకనం. ఆరోగ్య విద్యలో పీజీ చేసినవాళ్ళకి ఇది పాఠ్యపుస్తకాల్లో తగిలే ఉంటుంది. పరీక్ష అయ్యాక మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, అది చాలా నష్టం.

ఎందుకంటే అలవాటు వెనకున్న కారణాలను ఇది మూడు కుప్పలుగా విడగొడుతుంది, అడ్డపొగకి ఆ విభజన చక్కగా సరిపోతుంది. మొదటి కుప్ప మనిషి లోపలివి: మంట లోపల ఉంటే గాలికి ఆరదు, చేతులు పనిలో ఉన్నా బూడిద మీద పడదు, పంటి నొప్పికి హాయిగా ఉంటుంది అన్న నమ్మకాలు. రెండో కుప్ప చుట్టూ ఉన్నవాళ్ళ వల్ల వచ్చేవి: అమ్మ దగ్గర చూసి నేర్చుకోవడం, సాయంత్రం నలుగురూ అరుగు మీద చేరి కాల్చుకోవడం. మూడో కుప్ప అందుబాటువి: చుట్ట పక్క కొట్లోనే చవగ్గా దొరకడం, మానాలనుకున్నవాళ్ళకి సాయం దగ్గర్లో దొరకకపోవడం. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-112-356 ఉంది. కానీ సొంత ఫోన్ లేని, నంబర్ నొక్కడం రాని పెద్దావిడకి అది అందుబాటులో ఉన్నట్టు కాదు.

ఇప్పుడు చూడండి. కరపత్రం, సదస్సు, ర్యాలీ, మూడూ మొదటి కుప్పనే తాకుతాయి. రెండో కుప్పకి అరుగు మీది నలుగురినీ కలిపి ఒకే రోజు మాన్పించే ప్రయత్నం కావాలి. మూడో కుప్పకి సాయాన్ని పేటలోకి తేవాలి. పంటి నొప్పికి చుట్ట మందుగా వాడుతున్నవాళ్ళకి పంటి వైద్యం దగ్గర్లో దొరికితే అదే పెద్ద పొగాకు వ్యతిరేక కార్యక్రమం కావచ్చు. ఈ ఆలోచన లాజిక్ మోడల్ గడుల్లోంచి దానంతటది పుట్టదు.

ఖర్చు మాత్రం ఎక్కువ. మొదటి సగానికే ఇంటర్వ్యూలు, గ్రూప్ చర్చలు, సర్వే కావాలి. మూడు నెలల ఫీల్డ్‌వర్క్ ఉన్న విద్యార్థి మొత్తం చేయబోతే ప్లాన్ దశలోనే సెమిస్టర్ అయిపోతుంది. మూడు కుప్పల విశ్లేషణ ఒక్కటే తీసుకుని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

రీ-ఎయిమ్

1999లో రస్సెల్ గ్లాస్గో బృందం ప్రతిపాదించింది. ఇది ప్లాన్ గీసే పద్ధతి అనడం కంటే అడగాల్సిన ఐదు ప్రశ్నలు అనుకుంటే సులువు. అవసరమైనవాళ్ళలో ఎంతమందిని చేరాం? ఫలితం వచ్చిందా? ఎన్ని కేంద్రాలు, ఎంతమంది సిబ్బంది దీన్ని తీసుకున్నారు? అనుకున్నట్టే అమలైందా? తర్వాత నిలిచిందా?

మొదటి ప్రశ్న చాలు దీని విలువ తెలియడానికి. మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడితే కుర్చీలు నిండుతాయి. వచ్చినవాళ్ళు ఎక్కువగా సంఘాల్లో ఉన్న నడి వయసువాళ్ళు, వాళ్ళలో చుట్ట తాగేవాళ్ళు కొద్దిమంది. హాజరు పట్టీలో సంతకాలు బోలెడు, అవసరమున్న నోళ్ళు తక్కువ. అందుకని చేరిక లెక్కలో కింద ఉండాల్సిన అంకె పేట జనాభా కాదు, పేటలో అడ్డపొగ తాగేవాళ్ళ సంఖ్య. దానికి ముందు వాళ్ళ జాబితా ఉండాలి.

ఒక వార్డులో పని బాగుందనిపించి మిగతా అర్బన్ హెల్త్ సెంటర్లకి విస్తరించాలనుకునేవాళ్ళకి ఇది అన్నిటికంటే ముఖ్యం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చేరిక, నిలకడ అన్న రెండు ప్రశ్నలు చాలు.

అన్నీ ఒకచోట

| | లాజిక్ మోడల్ | లాగ్‌ఫ్రేమ్ | థియరీ ఆఫ్ చేంజ్ | ప్రిసీడ్-ప్రొసీడ్ | రీ-ఎయిమ్ |
|---|---|---|---|---|---|
| కారణాలు తెలియనప్పుడు | అంతంత మాత్రం | పనికిరాదు | బాగుంటుంది | అన్నిటికంటే మేలు | పనికిరాదు |
| ఫీల్డ్ సిబ్బందికి చూపించడానికి | అన్నిటికంటే మేలు | కష్టం | బొమ్మ చిన్నదైతే సరే | మూడు కుప్పలు మాత్రం | ఐదు ప్రశ్నలుగా చెప్తే సరే |
| ఆడిట్, దాతల లెక్కకి | సరే | అన్నిటికంటే మేలు | చాలదు | చాలదు | సగం |
| పలు శాఖలు కలిసే పనికి | సగం | సగం | అన్నిటికంటే మేలు | బాగుంటుంది | సగం |
| విస్తరించే నిర్ణయానికి | చాలదు | చాలదు | సగం | సగం | అన్నిటికంటే మేలు |
| తయారీకి పట్టే సమయం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | చాలా ఎక్కువ | తక్కువ |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఒకటి రెండు పేటల్లో పనిచేసే చిన్న సంస్థ అయితే: మూడు కుప్పల విశ్లేషణకి రెండు వారాలు ఇవ్వండి, ఆ తర్వాత ఒక్క పేజీ లాజిక్ మోడల్, కింద "ఎక్కడ చూసి చెబుతాం" అన్న వరస. చేరిక ప్రశ్నను రీ-ఎయిమ్ నుంచి తెచ్చుకోండి. ఇంతకు మించి అవసరం లేదు. ఒకటే ఎంచుకోమంటే నేను లాజిక్ మోడల్‌నే ఎంచుకుంటాను. కారణం, మిగతావాటిలోని మంచిని ఇందులో కలుపుకోవచ్చు, దీన్ని తెలుగులో రాసి ఆశా చేతిలో పెట్టొచ్చు.

సీఎస్ఆర్ విభాగమైతే మీ పరిస్థితి వేరు. 2021 జనవరిలో మారిన నిబంధనల ప్రకారం, గత మూడేళ్ళ సగటు సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్ల రూపాయలు, అంతకు పైబడిన కంపెనీలు, కోటి రూపాయలు ఆపై ఖర్చయిన ప్రాజెక్టులు పూర్తయి ఏడాది గడిచాక, స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. ఆ మదింపు చేసేవాళ్ళు వచ్చాక "మొదట్లో పరిస్థితి ఎలా ఉండేది" అని అడుగుతారు. బేస్‌లైన్ లేకపోతే వాళ్ళు రాయగలిగేది లబ్ధిదారుల అభిప్రాయాలే. కాబట్టి డబ్బు విడుదలకి ముందే లాజిక్ మోడల్, బేస్‌లైన్ రెండూ అడగండి. ఎన్జీవోల నుంచి ఫొటోలు, హాజరు పట్టీలు మాత్రమే అడిగితే వాళ్ళు చేసేదీ ఫొటోలకి తగ్గట్టే ఉంటుంది. బేస్‌లైన్‌కి అయ్యే ఖర్చును బడ్జెట్‌లో ఒప్పుకోండి. అది పని ఖర్చే.

విద్యార్థులకి: థీసిస్ ప్రశ్న "ఎందుకు" అయితే ప్రిసీడ్ సగం, "పనిచేసిందా" అయితే లాజిక్ మోడల్, "ఎంతవరకు పాకింది" అయితే రీ-ఎయిమ్. గైడ్‌కి ఇష్టమైనది అన్న కారణం కంటే ఇది నిలబడే కారణం, వైవాలో కూడా.

జీవీఎంసీలోనో, జిల్లా వైద్య ఆరోగ్య శాఖలోనో నిర్ణయాలు తీసుకునే స్థానంలో ఉంటే, డెంగీ లాంటి వాటికి థియరీ ఆఫ్ చేంజ్ మీటింగులు మీరు పిలిస్తేనే అవుతాయి. ఎన్జీవో పిలిస్తే నీటి విభాగం నుంచి ఎవరూ రారు.

కొలత దగ్గర జాగ్రత్తలు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇవి వదలవు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో జాలరి ఇళ్ళలో చేతిలో డబ్బు ఆడదు, దినచర్య మొత్తం మారిపోతుంది. మే నెలలో బేస్‌లైన్, డిసెంబర్‌లో ముగింపు సర్వే చేస్తే తేడా మీ కార్యక్రమానిదో, డబ్బుదో విడదీయలేరు. రెండు కొలతలూ ఏడాదిలో ఒకే కాలంలో పెట్టుకోండి. లాజిక్ మోడల్ అడుగున "బయటి పరిస్థితులు" అన్న గడి ఉన్నది ఇలాంటి వాటికే. చాలామంది అక్కడ "రాజకీయ పరిస్థితులు, వాతావరణం" అని రాసి వదిలేస్తారు, దానివల్ల ప్రయోజనం లేదు.

"మానేశారా అమ్మా?" అని అడిగితే, రోజూ ఇంటికొచ్చే ఆశా మొహం చూసి చాలామంది "మానేశాను" అనే అంటారు. ఆమెని చిన్నబుచ్చడం ఇష్టం లేక. కాబట్టి సలహా ఇచ్చిన మనిషి, ఫలితం అడిగే మనిషి ఒకరే కాకూడదు. అంగిలిని టార్చి వేసి చూసి నమోదు చేస్తే మాట మీద ఆధారపడటం కొంత తగ్గుతుంది.

వీలైతే కార్యక్రమం ఆలస్యంగా మొదలయ్యే ఇంకో పేటలో కూడా అదే సమయానికి కొలవండి. అక్కడా అంతే తగ్గితే, తగ్గింపు మీ ఒక్కరి వల్ల వచ్చింది కాదు.

చివరిగా, నోటి పరీక్ష ఉన్న ఏ ప్లాన్‌లోనైనా ముందుగా తేల్చాల్సిన బాణం ఒకటుంది. అనుమానం ఉన్న మచ్చ కనిపించింది, తర్వాత? పెద్ద జాలరిపేట నుంచి కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆస్పత్రి) దగ్గరే. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి నగరానికి అటు చివర. బయాప్సీకి (మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి) వెళ్తే ఆ రోజు చేపల అమ్మకం పోతుంది, తోడు ఎవరో ఒకరు కూలి మానుకోవాలి, రిపోర్ట్ కోసం మళ్ళీ తిరగాలి. ఎవరు తీసుకెళ్తారు, ఆటో డబ్బులు ఏ పద్దులోంచి, రిపోర్ట్ ఎవరు తెచ్చి ఎవరి చేతికిస్తారు, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు ఎవరు చూస్తారు అన్నవి పేర్లతో సహా రాసుకున్నాకే మొదటి ఇంటి తలుపు తట్టండి. రాసుకోవడం కుదరకపోతే పరీక్షలను వాయిదా వేసి, ముందుగా ఆ ఏర్పాటుకి డబ్బు అడగండి.